మిషన్‌కు అందని నా వేలిముద్ర

నేను చిన్నప్పటి నుంచీ నిశానీనే. బడి మొహం చూడలేదు. ఏ కాగితం ముందు పెట్టినా బొటనవేలు సిరాలో అద్ది నొక్కడమే తెలుసు. బ్యాంకులో "సంతకమా, నిశానీనా" అని అడిగితే తల వంచుకుని వేలు చూపేదాన్ని. మా ఆయన పోయిన తర్వాత సాతంరాయిలో సాయంత్రం బడికి పోయి నా పేరు రాయడం నేర్చుకున్నాను. వంకర టింకరగా ఉంటుంది, అయినా నాదే. నా చదువు అక్కడే ఆగింది. ఇది కూడా నేను నోటితో చెబుతుంటే వేరేవాళ్లు రాస్తున్నారు.

అంత తిప్పలు పడి సంతకం నేర్చుకుని పనికి పోతే, అక్కడ సంతకం వద్దన్నారు. వేలు పెట్టమన్నారు.

గగన్‌పహాడ్‌లో బట్టలు ఉతికే పెద్ద షెడ్డు అది. ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల హోటళ్ల దుప్పట్లు, తువ్వాళ్లు, దిండు గలీబులు వ్యాన్లలో వచ్చి పడతాయి. మరకలున్నవి మేము ముందే చేత్తో మందు నీళ్లలో రుద్ది, ఆ తర్వాత ఉతికే మిషన్‌లో వేయాలి. లోపలికి పోయే దారిలో గోడకు టిఫిన్ డబ్బా అంత పెట్టె ఒకటి ఉంటుంది. దాని అద్దం మీద వేలు పెడితే పచ్చ లైటు వెలగాలి. వెలిగితే ఆ రోజు హాజరు. ఎర్ర లైటు వెలిగితే మనిషి ఎదురుగా నిలబడి ఉన్నా రానట్టే లెక్క. ఆఫీసు గదిలో కూర్చునే డిగ్రీ పిల్లలు కూడా అదే వరసలో నిలబడి అందులోనే వేలు పెడతారు.

నాతోపాటు సాతంరాయి నుంచి ఆటోలో వచ్చే ఆడమనిషి ఒకామె ఉంది. నాకంటే చిన్నది, నన్ను అక్కా అంటుంది. మొదటి రోజు ఆ వరసను చూసి నా భుజం మీద తట్టింది.

"చూస్తివా అక్కా, చదువుకున్నోళ్లు గూడ నిశానీలే అయిన్రు. నువ్వేమో ఉత్తగనే పలక పట్టుకుని పరేషానైతివి."

నాకూ నవ్వొచ్చింది. అందరూ నిశానీలైన చోట నేను పాత మనిషిని కదా, నాకేం భయం అనుకున్నాను. కొన్ని నెలలు బాగానే గడిచింది. తర్వాత నా వేలే నన్ను మోసం చేసింది.

నా చర్మం మొదటి నుంచీ ఓర్వలేనిది. పసుపు కొంచెం ఎక్కువైతే దద్దుర్లు, సబ్బు మారితే దురద. మా ఆయన ఉన్నప్పుడు కూడా పొలం పనులకు అరచేతులు పగిలిపోయి ఉండేవి. "నీ చెయ్యి వీపు మీద పెడితె సాలు, వేరే గోకుడు అక్కర్లేదు" అనేవాడు. అలాంటి చేతులు మరకల మందులో నానితే ఏమవుతాయి? ముందు ఎర్రబడ్డాయి, తర్వాత మండాయి, ఆ తర్వాత ఉల్లిపొరలాగా పొట్టు లేచింది. రబ్బరు తొడుగులు ఇచ్చారు. వాటిలో చెమట పట్టి మంట ఇంకా ఎక్కువైంది. చేతులకు ఏదో అంటురోగం వచ్చిందని కొందరు నా టీ గ్లాసు వేరే పెట్టారు. ఆ గ్లాసు కడిగి అందరి గ్లాసుల మధ్యనే బోర్లించి వచ్చేదాన్ని.

దవాఖానలో డాక్టరమ్మ చూసి, ఇది అంటుకునేది కాదు, మందు నీళ్లకు చర్మం తట్టుకోవడం లేదంది. పగుళ్లు మానడానికి ట్యూబు ఇచ్చింది. పగుళ్లు మానిన తర్వాత తేలికైన మాయిశ్చరైజర్ రోజూ రాసుకోమంది. ఆ మాట నాకు అర్థం కాలేదు. బయటికి వచ్చి సాతంరాయి ఆమెను అడిగితే, "అంటే చర్మం మెత్తగ చేసేది అక్కా, కొబ్బరినూనె" అంది. అంత సులువా అనుకున్నాను.

ట్యూబుకు పగుళ్లయితే మానాయి కానీ ఎర్రదనం, పొట్టు అలాగే ఉన్నాయి. అప్పటికే మిషన్ దగ్గర ఎర్ర లైటు మొదలైంది. వేలు పెడితే పడదు. చీరకు తుడిచి పెడితే పడదు. పక్కవాళ్లు చెప్పినట్టు తలవెంట్రుకల్లో రుద్ది పెట్టాను, చెంపకు రుద్ది పెట్టాను. ఒక రోజు పొద్దున్నే రెండు చేతులకూ కొబ్బరినూనె బాగా పట్టించి వచ్చి, బొటనవేలిని అద్దం మీద గట్టిగా నొక్కాను. ఎర్ర లైటే. అది నా ఒక్కదానితో ఆగలేదు. నా వెనక వచ్చినవాళ్లకు కూడా ఎర్ర లైటే. అద్దమంతా నూనె. వరస గేటు దాకా పెరిగింది. వాచ్‌మన్ తన రుమాలుతో తుడిస్తే ఇంకా అలుక్కుపోయింది.

"ఎవరు మిషన్‌కు తలంటు పోసింది?" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

మమ్మల్ని పనిలో పెట్టుకున్న కాంట్రాక్టరు మనిషి వచ్చాడు. నా పది వేళ్లూ పెట్టించాడు. ఒక్కటీ పడలేదు.

"ఇగ చూడు పెద్దమ్మా," అన్నాడు. "నెలాఖరు దాక నీ హాజరు పుస్తకంల రాసుకుంట. అప్పటికి గూడ వేలు పడకుంటె నీ పేరు తీసేస్త. పైనోళ్లు మిషన్ హాజరే కావాలె అంటున్నరు. నా చేతుల ఏం లేదు."

"నీ చేతుల ఏం లేదు, నా చేతుల తోలు లేదు," అన్నాను.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఇంటికి పోయాక అన్నం సహించలేదు. ఒంటరి మనిషిని, కిరాయి గదిలో ఉంటాను. ఈ వయసులో నన్ను పనికి పెట్టుకున్నది ఆ షెడ్డు ఒక్కటే. నన్ను కూర్చోబెట్టి అన్నం పెట్టేవాళ్లు ఎవరూ లేరు. ఉంటారని ఆశ కూడా లేదు.

మా షిఫ్టుకు ఆ నెలలోనే కొత్త ఇన్‌ఛార్జి వచ్చింది. కోస్తా వైపు కుటుంబం, అత్తాపూర్‌లో ఉంటారు. ఆమె మమ్మల్ని మీరు అనేది. మొదట్లో ఆ మర్యాదకు మాకే ఇబ్బందిగా ఉండేది, మా వెనక ఇంకెవరైనా నిలబడ్డారేమో అని తిరిగి చూసేవాళ్లం. నూనె గొడవ జరిగిన మధ్యాహ్నం ఆమె నా దగ్గరికి వచ్చి, "మీ చెయ్యి ఒకసారి చూడొచ్చా అమ్మా?" అంది. నా టీ గ్లాసు వేరే పెట్టిన చోట, ఆమె నా పొట్టు లేచిన చేతిని తన చేతిలోకి తీసుకుని వెలుతురు వైపు తిప్పి చూసింది. మొహం ముడుచుకోలేదు. జాలి కూడా పడలేదు. దర్జీ గుడ్డను చూసినట్టు చూసింది.

"నాదీ ఇలాంటి చర్మమేనమ్మా. పెళ్లికి నలుగు పెడితే మొహమంతా వాచిపోయింది. ఆల్బమ్‌లో ఉన్నది నేనంటే ఇప్పటికీ ఎవరూ నమ్మరు," అంది. "మీరు రాసింది నూనె. అది పైనే ఉండిపోతుంది. మనకి కావాల్సింది లోపలికి ఇంకిపోయేది."

షిఫ్టు అయ్యాక తన స్కూటీ మీద నన్ను శంషాబాద్ తీసుకుపోయింది. ఆమె ఇల్లు అటు, మేము పోయింది ఇటు. ఆ మాట నేను అంటే, "గట్టిగా పట్టుకోండి, లారీలున్నాయి," అని మాట మార్చేసింది.

మందుల షాపు అతను మమ్మల్ని చూసి సీసాలన్నీ కౌంటరు మీద పేర్చాడు.

"సున్నితమైన చర్మానికి మాయిశ్చరైజర్ కావాలండి. పలచగా ఉండాలి. వాసన, రంగు ఏవీ ఉండకూడదు," అంది ఆమె.

"గిది మస్తు పోతది మేడం. గులాబీ వాసన."

"వాసన లేనిది అడిగానండి."

"వాసన లేకుంటె ఎవలు కొంటరు మేడం?"

"మేం కొంటామండి."

అతను ఇంకో డబ్బా తీసి నా ముందు పెట్టాడు, తెల్లగా అవుతావని. "అది లోపల పెట్టు తమ్మీ," అన్నాను. "గీ వయసుల నేను తెల్లగైతె మా ఊళ్ల దయ్యమనుకుంటరు."

ఇన్‌ఛార్జి మేడం నవ్వు ఆపుకుని, సీసాల వెనక చిన్న అక్షరాలు చదివింది. కొన్ని అప్పుడే పక్కన పెట్టేసింది. కంపెనీవాళ్లు ఇచ్చిపోయిన చిన్న ట్యూబులు ఉంటే తెమ్మంది. ఆ తర్వాత ఆమె చేసిన పని చూసి నేను నోరు తెరిచాను. ఒక్కో ట్యూబు నుంచి చుక్క తీసి తన ఒక్కో వేలి కొసకు రాసుకుంది. కాసేపు ఊరికే నిలబడింది. తర్వాత ఆ వేళ్లను ఒక్కొక్కటిగా అతని అద్దాల కౌంటరు మీద నొక్కి, వంగి, పక్క నుంచి వెలుతురులో చూసింది. ఒక వేలు దగ్గర జిడ్డు మచ్చ పడింది. ఇంకో వేలు దగ్గర మసక. మూడోది, నాలుగోది పెట్టిన చోట దాదాపు ఏమీ లేదు.

"ఈ మచ్చ ఇక్కడ పడితే, మన మిషన్ మీద కూడా పడుతుందమ్మా," అంది.

నేను రోజూ ఆ అద్దం మీద వేలు పెట్టేదాన్నే. నూనెతో దాన్ని పాడు చేసిందాన్నే. కానీ షాపులో ఉన్న అద్దం కూడా అద్దమేనని నాకు తట్టలేదు. షెడ్డులో మరకలు చూసే కన్ను నాది. ఆమెది మరక పడకముందే చూసే కన్ను.

షాపు అతను గుడ్డ తెచ్చాడు. "మేడం, ఇంకెన్ని ఒత్తుతరు? తుడుసుడే అయితుంది నాకు."

"నేను తుడుస్తానండి, ఇటివ్వండి," అని నిజంగానే గుడ్డ తీసుకుని కౌంటరంతా తుడిచింది. అతను మచ్చ పడని ఆ రెండు ట్యూబులూ ఊరికే ఇచ్చేశాడు.

ఆమె వాటిని నా చేతిలో పెట్టి, "ఇప్పుడే చేతులకి రాయకండి. ఒకటి ఈ మోచేతి లోపల, ఇంకోటి ఆ మోచేతి లోపల, కాస్త కాస్త రాసి రెండు మూడు రోజులు చూడండి. మంట కానీ ఎర్రదనం కానీ వస్తే వెంటనే కడిగెయ్యండి," అంది.

"నెలాఖరుకు మూడు వారాలే ఉన్నది మేడం. గిన్ని దినాలు మోచెయ్యి సూసుకుంట కూసుంటె ఎట్ల?"

"తొందరపడి చేతులంతా రాసి అది పడకపోతే, నెలాఖరుకి చేతులే ఉండవమ్మా."

ఆ మాట మెల్లగా అంది. చెప్పినట్టే చేశాను. కుడి మోచేయి మర్నాటికే ఎర్రగా పొంగింది. అది చేతులకు రాసి ఉంటే నా గతి ఏమయ్యేదో. ఎడమ మోచేయి ఏమీ అనలేదు. ఆ రకం సీసా కొనుక్కున్నాను.

నిజం చెప్పాలంటే దాన్ని మొదటిసారి రాసుకున్నప్పుడు మోసపోయాననిపించింది. వాసన లేదు, మెరుపు లేదు, పలచని మజ్జిగలాగా ఉంది. రుద్దితే ఎక్కడికి పోయిందో తెలియలేదు. సాతంరాయి ఆమె నా చెయ్యి వాసన చూసి, "గిదేంది అక్కా, నీళ్లు అమ్మిన్రు నీకు," అంది. కానీ మంట పుట్టలేదు. ఆ మంట పుట్టకపోవడమే నాకు కొత్త. ఎన్నో నెలల తర్వాత నా చేతులు ఉన్నాయన్న సంగతే మరిచిపోయి నిద్రపోయాను.

మేడం నన్ను మరకల తొట్టి దగ్గర నుంచి తీసి మడతల బల్ల దగ్గర వేసింది. రబ్బరు తొడుగులు వేసుకోవాల్సి వస్తే లోపల నూలు తొడుగులు వేసుకోమంది. ఇంటి దగ్గర చెయ్యి కడిగి, తడి ఉండగానే క్రీమ్ రాసుకుని, షెడ్డుకు వచ్చే లోపల పూర్తిగా ఇంకిపోయేలా చూసుకోమంది. రోజూ పొద్దున నా వేళ్ల వైపు ఒక చూపు చూసేది. బాగున్నాయని కానీ బాగాలేవని కానీ అనేది కాదు. పొట్టు తగ్గింది. ఎర్రదనం పోయింది. వేళ్ల కొసల మీద సన్నని గీతలు కనిపించడం మొదలైంది. ఒక్క బొటనవేళ్లు మాత్రం నున్నగానే ఉండిపోయాయి. నాగలి వెనక, కొడవలి పట్టి, సబ్బు నీళ్లలో అవి ఎప్పుడో అరిగిపోయి ఉంటాయి.

నెలాఖరు రోజు కాంట్రాక్టరు మనిషి మిషన్ పక్కనే నిలబడ్డాడు. నా వెనక వరసంతా ఆగింది. కుడి బొటనవేలు పెట్టాను, ఎర్ర లైటు. ఎడమది పెట్టాను, ఎర్ర లైటు.

"నేను జెప్పిన గద మేడం," అన్నాడు అతను.

"ఉండండి. బొటనవేలే అని రూలేం లేదు. పది వేళ్లలో ఏదైనా మిషన్‌లో కొత్తగా ఎక్కించొచ్చు," అని ఆమె ఏవో బొత్తాలు నొక్కింది. నా చెయ్యి పట్టుకుని, పొడి గుడ్డతో ఒక్కో వేలు తుడిచి, తనే పెట్టించింది. చూపుడువేలు పడలేదు. నడిమివేలు పడలేదు.

"కాలి వేళ్లు గూడ ఉన్నయి అక్కా, ఫికర్ పడకు," అంది వెనక నుంచి సాతంరాయి ఆమె. ఎవరూ నవ్వలేదు.

ఎడమ చేతి ఉంగరం వేలు పెట్టాను. మిషన్ కాసేపు ఆలోచించినట్టుంది. మళ్లీ పెట్టమంది, పెట్టాను. ఇంకోసారి పెట్టమంది. పచ్చ లైటు వెలిగింది.

కాంట్రాక్టరు మనిషి వంగి చూశాడు. "పడ్డది," అన్నాడు, తనలో తాను అనుకుంటున్నట్టు. పేరు తీసేయడం గురించి ఇంక మాట్లాడలేదు.

నేను మేడం వైపు తిరిగాను. ఏదో ఒకటి అనాలని నోరు తెరిచాను. ఆమె మొహంలో మేలు చేశానన్న గుర్తే లేదు. అద్దాన్ని గుడ్డతో ఒకసారి తుడిచి, "రేపటి నుంచి ఈ వేలే పెట్టండమ్మా," అంది. వెంటనే నా భుజం పక్క నుంచి వరస వైపు చూసి, "తర్వాత ఎవరండీ, రండి," అంది.

నేను పక్కకు జరిగాను.