సూది సున్నా మీద, ముహూర్తం నెత్తి మీద

నవ్వనంటేనే సెప్తాను. మొన్న మా బామ్మర్ది పెళ్లిలో పాయసం వడ్డించినోడు నా సేతులు సూసి గరిటెతో సహా పక్క విస్తరికి పోనాడు! ఎందుకో వినండి.

పెళ్లి పాతపట్నంలో, గోధూళి ముహూర్తం. మా అత్తోరిది ఆమదాలవలస దగ్గర. సుట్టాలందరూ పొద్దున్నే బస్సెక్కి పోనారు. కార్లో మేం ముగ్గురమే: నాను, పక్కన పెళ్లికొడుకు సూరిగాడు, ఎనకాల మా అత్త. నాది పాత కారే గాని, "మా అల్లుడు కార్లో దింపుతాడు" అని అత్త ఊరంతా సెప్పేసినాది. నా పరువంతా ఆ కారు మీదే ఉన్నాది.

బయల్దేరే ముందు అత్త కారుకి పసుపు, బొట్టు పెట్టినాది. లోపల డాష్‌బోర్డు మీద బంతిపూల దండేసినాది. "ఇంజినికీ కట్టత్తా, దిష్టి తగలకుండా" అని బానెట్టెత్తింది నానే. మావిడాకులు గుచ్చిన పసుపు దారం కట్టినాది. "గట్టిగా కట్టత్తా, గతుకుల్లో ఊడిపోద్ది!" అన్నది కూడా నానే.

హిరమండలం దాటినాక పెద్ద గతుకొచ్చినాది. దండ జారిపోనాది. దానెనకాల ఆయిల్ ప్రెషర్ గేజీ. సూది సున్నా మీద పడుకున్నాది!

నా పై ప్రాణాలు పైనే పోనాయి. నూనె ఎక్కకపోతే ఇంజిను జామైపోద్ది, మరి కదల్దు. టక్కున ఆపేసి, నూనె కొలిసే పుల్ల తీసి సూసినాను. నిండుగా ఉన్నాది. మరి సూదికేటి రోగం?

"బావా, పొద్దు వాలిపోతన్నాది," అన్నాడు సూరిగాడు. ఎనక సీట్లో అత్త దేవుళ్లందర్నీ పేరుపేరునా పిలస్తన్నాది.

ఓ లారీ డ్రైవరు ఎప్పుడో సెప్పినాడు. గేజీ ఎనకాల సన్న రాగి పైపుంటాది, ఇంజిన్లోంచి నూనె అందులోకొస్తాది. అదిప్పి స్టార్ట్ సెయ్యి. నూనె సిమ్మితే గేజీ పోయినట్టు, రాకపోతే ఇంజిను పోయినట్టు. ఇప్పినాను. స్టార్ట్ సేసినాను. సుక్క రాలేదు! ఎంటనే ఆపేసినాను.

"ఏటయ్యింది బావా?"

"ఇంజిను పోనాదిరా."

"మరి నా పెళ్లి?"

నాకు ఏడుపొచ్చేస్తన్నాది. ఆడికి కనపడకుండా దిగి మళ్లీ బానెట్టెత్తినాను. అప్పుడు సూసినాను, మా అత్త పసుపు దారం! సరీగ్గా ఆ రాగి పైపునే పక్క రాడ్డుకి లాగి బిగించేసినాది. పైపు మడతపడిపోనాది. ఇంక నూనె ఎలగొస్తాది? గట్టిగా కట్టమన్న మహానుభావుణ్ని నానే కదా!

పళ్లతో దారం తెంపి, పైపు సాపు సేసి, "ఇంజిను బాగుందిరోయ్!" అని గెంతుకుంటూ వచ్చి స్టార్ట్ సేసినాను. ఓరి నాయనో! పైపు రెండో కొస లోపల ఇప్పేసి ఒదిలేసినాను కదా, దాని మూతి సూరిగాడి ఏపే ఉన్నాది. మొహం, పట్టుపంచి, కండువా, అన్నీ నల్ల నూనే!

"ఓలమ్మో, నా కొడుకు!" అని అత్త ఒకటే గోల.

పైపు బిగించి, నూనెతో నల్లబడ్డ సేతుల్తోనే తోలినాను. విడిది కాడ పెళ్లికూతురి తల్లి హారతి పళ్లెంతో ఎదురొచ్చినాది. కార్లోకి తొంగి సూసి సూరిగాణ్నే అడిగినాది: "డ్రైవరుబాబూ, పెళ్లికొడుకేడి?"

ఆణ్ని సున్నిపిండితో తోమి, పెళ్లికూతురి తండ్రి పంచి కట్టి, ముహూర్తానికి పీటలెక్కించినారు. ఎలగైతేనేం, పెళ్లయిపోనాది.

తిరిగొచ్చేటప్పుడు పెళ్లికూతురు, అత్త ఎనకాల, సూరిగాడు నా పక్కన. గేజీ సూది ఠీవిగా నిలబడ్డాది. "సూసినావురా, ఎంత బాగా పన్జేస్తన్నాదో!" అని పక్కకి తిరిగినాను.

ఆడు ఆడి అత్తోరిచ్చిన కొత్త గొడుగు డాష్‌బోర్డుకి అడ్డంగా ఇప్పి, దానెనకాల నక్కి కూసున్నాడు.

"ఒరే, వానేదిరా?"

"నువ్వు తోలు బావా," అన్నాడు గొడుగెనకాల్నించి.