చేతికివ్వని ఉప్పు

ఉప్పుబళ్ల చరిత్ర రాసినందుకు ఒక మనిషిని, ఆయన భార్యను, కూతుర్ని సొంత ఊళ్లోంచి వెళ్లగొట్టారు. ఆయన దొంగతనం చేయలేదు, ఎవరి మీదా చెయ్యెత్తలేదు. పుస్తకం రాశాడు, అంతే. ఇది జరిగింది సోవియట్ దేశంలో, ఉక్రెయిన్‌లో. నౌపడ ఉప్పుమళ్లలో పనిచేసుకునే నాకు దాంతో ఏం సంబంధమని అడిగినవాళ్లున్నారు. సంబంధం ఉంది. ఆయన నా స్నేహితుడు.

అరవైల చివరి రోజులవి. పార్టీ మనిషైన మా బావ ఊళ్లో పత్రికలు, పుస్తకాలు చదువుకునే గది ఒకటి నడిపేవాడు. మాస్కో నుంచి తెలుగులో వచ్చే రంగుల పత్రిక అక్కడే చదివేవాణ్ణి. నేను బడికి వెళ్లింది తక్కువ, ఆ గదిలో కూర్చున్నదే ఎక్కువ. ఒక సంచికలో, పూర్వం ఉక్రెయిన్ రైతులు ఎడ్లబళ్లు కట్టుకుని సముద్రం ఒడ్డుకు వెళ్లి ఉప్పు తెచ్చుకునేవారని ఒక చరిత్రకారుడు రాశాడు. ముందు బండిలో కోడిపుంజును పెట్టుకునేవారట, వేళ తెలియడానికి. చదివి నవ్వుకున్నాను. మా తాతలూ అంతే కదా, ఉప్పు బళ్లకెత్తుకుని పర్లాకిమిడి దాటి కొండలకు తోలేవారు. కోడి బదులు బండి కింద కుక్కను కట్టేవారు. ఆ సంగతే పత్రికకు రాశాను. ఉత్తరం ఆయనకు చేరింది. జవాబు ఇంగ్లీషులో వచ్చింది.

నా ఇంగ్లీషు నిఘంటువు పక్కన పెట్టుకుని నేర్చుకున్నది, ఆయనదీ అలాంటిదే. అందుకేనేమో ఒకరి మాట ఒకరికి బాగా అర్థమయ్యేది. కుక్క మొరిగితే ఎద్దులు బెదరవా అని అడిగేవాడు. మీ కోడిని చివరికి కూర వండుకునేవారా అని నేను అడిగేవాణ్ణి. ఉప్పు ఒకరి చేతిలోంచి ఒకరి చేతికి ఇస్తే గొడవలొస్తాయని, కింద పెడితేనే రెండోవాళ్లు తీసుకుంటారని మా పద్ధతి రాశాను. వాళ్ల దగ్గర ఉప్పు ఒలికితే తగాదా అట! సాయంత్రం మడి గట్టు మీద కూర్చుని ఆ ఉత్తరాలు మళ్లీ మళ్లీ చదువుకునేవాణ్ణి. ఎదురుగా పారతో లాగిన ఉప్పు తెల్లగా, కుప్పలు కుప్పలుగా ఉండేది. నా బతుకులో అంత నిండుగా ఉన్న రోజులు తక్కువ.

తరవాత ఉత్తరాలు ఆగిపోయాయి. చాలా నెలలకు, ఆయన భార్య ఎవరి చేతో వేరే దేశంలో పోస్టు చేయించిన కార్డు ఒకటి వచ్చింది. ఆ బండివాళ్లు ఎవరి హుకుమూ లేకుండా తమ బతుకు తాము బతికారని పుస్తకంలో రాయడం తప్పయిందట. ఉద్యోగం తీసేశారు, పుస్తకాలు ఎత్తుకుపోయారు, ముగ్గుర్నీ తూర్పున ఎక్కడో చలిప్రాంతానికి పంపారు. 'ఇక్కడ మాకు తెలిసినవాళ్లు ఎవరూ లేరు' అన్నది చివరి మాట. కింద కొత్త చిరునామా.

కార్డు తీసుకెళ్లి బావ ముందు పెట్టాను.

"ఒరే, ఇదంతా శత్రువుల పెచారం."

"శత్రువేటి బావా, ఆయన పెళ్లామే రాసింది. సూడు."

"గాలి మార్పుకెళ్లుంటారు."

"గాలి మార్పుకెళ్లినోడి పుస్తకాలు ఎత్తుకుపోతారేటి?"

బావ కళ్లజోడు తుడుచుకున్నాడు. ఆ అద్దాలు అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

తెలిసినవాళ్లు ఒకరున్నారని వాళ్లకు చెప్పాలి. మాటల్లో రాస్తే మధ్యలో ఎవరో చదివి చింపేస్తారని భయం. అందుకని మా మడి ఉప్పే పంపుదామనుకున్నాను. మా ఇంటిది ఒప్పుకోలేదు.

"ఉప్పు పంపుతావా? ఎన్ని సేతులు మారతాదో తెలుసునా? అసలే కష్టాల్లో ఉన్నారు, మొగుడూ పెళ్లాల మద్దెన గొడవెట్టడానికేటి?"

తోసిపుచ్చే మాట కాదు. చివరికి ఉపాయం కూడా తనే చెప్పింది. ఉప్పు గుడ్డలో మూట కట్టి, పైన ఇంగ్లీషులో రాశాను: 'దయచేసి చేతికివ్వవద్దు. కింద పెట్టండి, వాళ్లు తీసుకుంటారు.' రష్యా అక్షరాలు బావకొక్కడికే వచ్చు. చిరునామా రాయమని అడిగాను. ఆ తూర్పు ఊరి పేరు రాస్తూ మధ్యలో కలం ఆపాడు. గాలి మార్పు మాట మళ్లీ ఎత్తలేదు. పోస్టాఫీసుకు తనే వచ్చాడు.

పోస్టుమాస్టరు మూట మీది రాత చదివి, చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"బల్ల మీద ఎట్టండి బావూ. నా ఇంట్లో ఉన్న గొడవలు సాలు."

వానలొచ్చి మడులు మునిగాయి, నీరు తీసి మళ్లీ ఉప్పు లాగాం. పోస్టుమాస్టరు కనిపించినప్పుడల్లా తల అడ్డంగా ఊపేవాడు. మూట సముద్రంలో పడిందో, వాళ్లు ఆ చోటునుంచి కూడా పోయారో, అసలు బతికున్నారో లేదో తెలియక అన్నం ముందు కూర్చుని ఆలోచించేవాణ్ణి. మా ఇంటిది పళ్లెంలో ఉప్పు వేసి, "కిందే ఎట్టుంటారులే, తిను" అనేది.

ఒక పొద్దున పోస్టుమాస్టరు తనే మడి గట్టు మీద నడుచుకుంటూ వచ్చాడు. ఉత్తరం చేతికివ్వబోయి, నవ్వి, గట్టు మీద పెట్టాడు. నా స్నేహితుడి భార్య రాసింది:

"మూటను దారిలో ఎవరో విప్పి చూసి మళ్లీ కట్టారు. మీరు రాసింది మా పోస్టామెకు చదివి చెప్పాను. ఆమె నవ్వలేదు. బల్ల మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగింది. మా అమ్మాయి తీసుకుంది. ముగ్గురం బాగున్నాం. ఇంట్లో ఒకటే గొడవ: దాన్ని సీసాలో దాచాలని ఆయన, పులుసులో వేయాలని నేను. నేనే గెలిచాను. ఆ పోస్టామెను కూడా భోజనానికి పిలిచాం."