ఒక్క పూట ప్రయాణానికి మూడు రోజుల మూట

నేను విమానం ఎక్కబోతున్నానన్న సంగతి నాకు మొట్టమొదట మోసుకొచ్చినవాడు సైకిల్ మావ. ఆ రోజుల్లో వైజాగ్ వన్ టౌన్‌లోని మా ఆఫీసు కాగితాలు పోర్టుకీ, పోర్టు కబుర్లు మాకూ చేరవేసేది ఆయనే (సెల్‌ఫోన్లు వచ్చాక కూడా మా యజమాని పెద్దాయనకి ఫోను కంటే ఆ సైకిలు మీదే గురి ఎక్కువ). ఇప్పుడంటే నెలకి రెండు మూడుసార్లు పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొస్తున్నాను, ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళు "మేడమ్, ఒక్క రోజులో ఇన్ని పనులు ఎలా చక్కబెట్టుకొస్తారు" అని అడుగుతుంటారు గానీ, ఆ రోజుల్లో నాకు విమానమంటే మేము డాబా మీద ఎండబెట్టిన చేపల పైనుంచి పోయే చప్పుడు మాత్రమే. "పిల్లా, పెద్దాయన జెట్టీ మెట్ల మీద జారిపడిపోనాడు, కాలు బెణికింది. రేపు హైదరాబాదు నువ్వెల్లాలట, ఇమానం మీద" అన్నాడు సైకిల్ మావ, సైకిలు దిగకుండానే. ఎవరితో అంటున్నాడోనని నేను వెనక్కి తిరిగి చూశాను. "నిన్నేనే. ఎనకాల గోడుంది. గోడెల్తాదేటి?" అన్నాడు.

మాది ఓడల్లోకి బస్తాలు ఎత్తే తాడు వలలు అల్లే షెడ్డు. క్రేను కొక్కేనికి తగిలించే ఆ వలల్ని పదకొండు మంది ఆడవాళ్ళు చేతులతో అల్లేవారు. అందరూ మా పేటవాళ్ళే, సముద్రం మీద వేటకి వెళ్ళే ఇళ్ళవాళ్ళే. వాళ్ళలో మా అమ్మా ఉంది, మా అత్తా ఉంది. మా వలలు కొనే కంపెనీవారికి ఇకమీదట మిషను అల్లిన వలలు తీసుకుందామన్న ఆలోచన వచ్చింది. రేపు పదింటికి హైదరాబాదులో వాళ్ళ ఆఫీసుకి వెళ్ళి, మా నమూనా చూపించి ఒప్పించగలిగితే షెడ్డు ఉంటుంది. లేదంటే నెలాఖరుకి తాళం. ఆఫీసు మొత్తానికి వల ముడి వేయడమూ, నాలుగు ముక్కలు పద్ధతిగా రాయడమూ రెండూ వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. (రాయడం బడిలో వచ్చింది కాదు. తమ్ముళ్ళని ఎత్తుకునే పని నాదవడంతో బడి మొహం చూడలేదు. మా పిన్ని చేపలు శుభ్రం చేసుకుంటూ, పొలుసుల చేత్తో గాల్లో అక్షరాలు దిద్ది చెప్పిన చదువు నాది. భగవంతుడు నాకిచ్చిన మొదటి వరం ఆవిడే.)

ఇంట్లో సంగతి చెప్పగానే మా నాన్న లేచి, పడవ మీదికి తీసుకెళ్ళే పెద్ద కాన్వాసు సంచీ దులిపాడు. ఒక్క పూటకని వేటకి వెళ్ళినా మూడు రోజుల సరుకు సర్దుకోవడం మా ఇళ్ళలో పద్ధతి. బియ్యం, చింతపండు, ఎండు నెత్తళ్ళ చేపల పొట్లం, దుప్పటి, టార్చిలైటు, నీళ్ళ డబ్బా ఒక్కొక్కటే వరసగా వచ్చి సంచీ ముందు కూర్చున్నాయి. "నాన్నా, సాయంత్రానికి ఇంట్లో ఉంటాను" అన్నాను. "సముద్రం కూడా అలాగే సెప్తాది. మాపిటికి వచ్చేద్దామని ఎల్లినోళ్ళు మూడో రోజుకి ఒడ్డు సూసినారు." "అది సముద్రం నాన్నా, ఇది విమానం." ఆయన బియ్యం డబ్బా మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు. "దాని కింద నీళ్ళైనా ఉంతాయి. దీని కింద అదీ లేదు" అని ఇంకో గుప్పెడు బియ్యం పోశాడు. కిరసనాయిలు స్టవ్వు దగ్గర మాత్రం అమ్మ అడ్డుపడింది. "స్టవ్వొద్దులే. అంత పెద్ద ఇమానంలో ఎవులో ఒకలు పొయ్యి ఎట్టకపోరు. అడిగితే రెండు గింజలు ఉడకెట్టుకోనియ్యరేటి?" అంది. వల నమూనా ఎక్కడా జారిపోకూడదని అన్నిటికంటే అడుగున పెట్టాము, కాగితాలు దాని మీద, సరుకంతా కాగితాల మీద. పైన పడవ తాడుతో నాన్న ముడి వేశాడు. ఆ ముడి విప్పడం మా ఇంటి మనుషులకి తప్ప ఎవరికీ రాదు.

ఎయిర్‌పోర్టు కౌంటరులో అమ్మాయి సంచీని తూకం వేసి "ఎన్ని రోజులు మేడమ్?" అంది. "సాయంత్రం వచ్చేస్తానమ్మా" అన్నాను. ఆ అమ్మాయి సంచీని చూసి, నన్ను చూసి, చీటీ కట్టి లోపలికి పంపించేసింది. దానితోపాటు నేను దారిలో చదువుకోవలసిన కాగితాలూ వెళ్ళిపోయాయని విమానంలో కూర్చున్నాక గానీ వెలగలేదు. నా పక్క సీటులో తెల్లచొక్కా వేసుకున్న ఒక నడివయసాయన ఉన్నారు. ఆయన దగ్గరున్నదల్లా టిఫిను క్యారియరంత సంచీ. అందులోంచి ఒకే ఒక్క కాగితం తీసి, చదువుతూ పెన్నుతో గుర్తులు పెట్టుకుంటున్నారు. నేను కళ్ళు గట్టిగా మూసుకుని నామస్మరణలో పడ్డాను. "మొదటిసారాండి?" అని మెల్లగా అడిగారు. "ఒక్క నిమిషం బాబూ, ఇంకా నూట ఎనిమిది అవలేదు" అన్నాను కళ్ళు తెరవకుండానే. (అయ్యాక ఇంకో నూట ఎనిమిది మొదలుపెట్టాను. గంట ప్రయాణంలో నేను చేసిన ఆఫీసు పని ఇంతే.)

హైదరాబాదులో దిగి, సంచులు వచ్చే బెల్టు ముందు నిలబడ్డాను. ఎర్రవీ నల్లవీ పెట్టెలు ఎన్నో వచ్చాయి, ఎవరివి వాళ్ళు తీసుకుపోయారు. నాది రాలేదు. ఎవరినైనా అడగడం మర్యాద కాదేమోనని ఇరవై నిమిషాలు వినయంగా నిలుచున్నాను. అక్కడే ఫోనులో మాట్లాడుకుని అప్పటికి బయటికి వెళ్ళిపోతున్న తెల్లచొక్కా ఆయన తలుపు దగ్గర నుంచి వెనక్కి తిరిగి వచ్చారు. "ఏవండీ, మీరు వచ్చింది వైజాగ్ విమానంలో కదండీ? మరి చెన్నై వాళ్ళ పెట్టెలు లెక్కపెడుతున్నారేంటండి?" అన్నారు. అవతలి బెల్టు మీద నా సంచీ ఒంటరిగా, నాన్న తాడుతో, గుడి చుట్టూ ప్రదక్షిణం చేస్తున్నట్టు తిరుగుతోంది. ఆయన దాన్ని ఎత్తబోయి ఆగారు. "ఇందులో ఏవుందండి, లంగరా?" "బియ్యమండి" అన్నాను. ఇక దాచేదేముంది, షెడ్డు సంగతీ, పదకొండు మంది సంగతీ, పదింటి సంగతీ అన్నీ చెప్పేశాను. అప్పటికే తొమ్మిది దాటింది. ఆయన గడియారం చూసుకుని, తన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "రండి, నాకోసం వచ్చిన కారులో దింపేస్తాను" అన్నారు. "మీకు దారేనా బాబూ?" అంటే "ఆయ్, దారేనండి" అన్నారు.

అయినా ఇరవై నిమిషాలు ఆలస్యమే. చల్లటి గదిలో గాజు బల్ల వెనక ఒక పెద్ద మేడమూ, ఇద్దరు ఆఫీసర్లూ. "మాకింక పది నిమిషాలే ఉంది" అన్నారు మేడమ్. వల అడుగున ఉంది కదా, అంతవరకూ తవ్వాలి. ముడి విప్పి, దుప్పటి తీశాను, టార్చి తీశాను, నీళ్ళ డబ్బా తీశాను, బియ్యం తీశాను. నెత్తళ్ళ పొట్లం బల్ల మీద పెట్టాక ఆ వాసన తన పని తాను శ్రద్ధగా మొదలుపెట్టింది. ఒక ఆఫీసరు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు (అది తెరుచుకునే కిటికీ కాదు, పాపం). "ఇవన్నీ నమూనాలేనా?" అన్నారు మేడమ్. కంగారులో "కాదండి, ఇవి మా నాన్న" అన్నాను. గదిలో ఎవరూ నవ్వలేదు. చివరికి వల బయటికి వచ్చింది. దాని పక్కనే మిషను వల పెట్టారు. నిజం చెప్పాలి, మిషనుది మాదానికంటే అందంగా ఉంది. చదువుకొచ్చిన మాటలేవీ లేవు గనక తోచిందే అడిగాను. "ఓడ దగ్గర ఇందులో ఒక్క కన్ను, అంటే ఈ గడి, తెగితే ఏం చేస్తారండి?" "కొత్తది తెప్పిస్తాం" అన్నారు కిటికీ దగ్గరాయన. "అది వచ్చేదాకా ఓడ నిలబడి ఉంటుంది కదండి." నేను మేడమ్‌గారి బల్ల మీది కత్తెర అడిగి తీసుకుని, మా వల కన్నే ఒకటి కష్టపడి కోసేశాను. సంచీకి కట్టిన తాడులోంచి ముక్క తీసి, నేల మీద చతికిలబడి, మా అత్త నేర్పిన ముడి వేసి కన్ను పూడ్చాను. "మా అత్తయితే ఈపాటికి రెండు వేసేదండి" అన్నాను. మేడమ్ స్వయంగా వచ్చి, చెప్పులు విడిచి, వల మీద ఒక కాలు పెట్టి రెండు చేతులా లాగి చూశారు. ముడి కదల్లేదు. "ముందు ఆరు నెలలు మీవే తీసుకుంటాం. తెగినవి పోర్టులోనే బాగుచేయడానికి మీ మనుషులు ఇద్దరు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. ఆ పొట్లం మాత్రం ఇప్పుడే తీసేయండి" అన్నారు. నేను మనసులోనే సాష్టాంగపడ్డాను. (పైకి పడదామంటే బియ్యం మూట అడ్డముంది.)

సాయంత్రం తిరుగు విమానం దగ్గర తెల్లచొక్కా ఆయన మళ్ళీ కనిపించారు. నా కబురు విని సొంత చెల్లెలికి మేలు జరిగినంత సంతోషపడ్డారు. "మరి మీ పని అయిందా బాబూ?" అన్నాను. "నే వెళ్ళేసరికి అక్కడ కలవాల్సినాయన ఊరెళ్ళిపోయారండి. పర్లేదు, వచ్చే వారం మళ్ళీ వస్తాను" అన్నారు. వాళ్ళ కంపెనీ మా ఊరి పక్కన పరవాడలో మందులు తయారు చేస్తుందట, ఆయన కలవాల్సిన మనిషి హైదరాబాదుకి మరో కొసన ఉన్నాడట. నన్ను దింపినది ఆయన దారి కానే కాదు. నేను రెండు చేతులూ జోడించబోయాను. అది చూసి ఆయన మాట మార్చేసి, ఒక్కరోజు ప్రయాణంలో సమయం వృథా కాకుండా ఎలా చూసుకోవాలో ఎంతో గంభీరంగా చెప్పడం మొదలుపెట్టారు. "లోపలికి పంపే సంచీ పెట్టుకోకండి, చేతిలో పట్టేదే తెచ్చుకోండి. ముందు వరసలో, నడిచే దారి పక్క సీటు అడగండి. ఈ ప్రయాణంలో నాకు కావలసింది ఏంటన్నది ఒక్క కాగితం మీద రాసుకుని, వెళ్ళేటప్పుడు అదొక్కటే చదవండి, కొత్త పని ముట్టుకోకండి. వీలైతే అటు వైపే ఉన్న ఇంకొకరిని కూడా కలవండి, కానీ ముగ్గురిని పెట్టుకున్నారా, ముగ్గురూ చెడతారు. రోడ్డు మీద ఆలస్యానికి ఒక గంట ముందే వదిలేసుకోండి. తిరిగొచ్చేటప్పుడు, చక్రాలు నేలకి తగిలేలోపు జరిగిందంతా రాసేయండి. ఇంటికెళ్తే ఇంటి మాటలు వచ్చి పడతాయండి." అన్నీ బోర్డింగు పాసు వెనక రాసుకున్నాను. పెద్దాయనకి ఇవ్వవలసిన ఉత్తరం ఆ విమానంలోనే పూర్తిచేశాను, నామస్మరణ ఒక్క నూట ఎనిమిదితో సరిపెట్టి. బయట నాన్న నిలబడి ఉన్నాడు. సంచీ ఎత్తి చూసి, "బియ్యం ముట్టుకోలేదేటి?" అన్నాడు, కాస్త నొచ్చుకుని.

భగవంతుడి దయవల్ల ఆ ఆరు నెలలు ఆరు నెలలతో ఆగలేదు, షెడ్డు ఇవాళ్టికీ నడుస్తోంది. నా చేతిసంచీ ఇప్పుడు టిఫిను క్యారియరంతే. అయినా ఏ బెల్టు పక్కనుంచి వెళ్ళినా, చెన్నై పెట్టెల ముందు అంత వినయంగా నిలబడ్డ ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వు వస్తుంది, దాని భుజం తట్టి వెళ్ళాలనిపిస్తుంది. ఆఫీసులో కొత్తవాళ్ళకి ఆయన మాటలన్నీ పొల్లుపోకుండా చెబుతాను. నిమిషం విలువ అంతగా తెలిసిన మనిషి తన రోజంతా ఒక ముక్కూ మొహం తెలియనిదాని కోసం వదిలేసుకున్నాడన్నది మాత్రం చివర చెబుతాను. నా తెలివి చూడండి, ఆయన పేరే అడగలేదు. తరవాత ఎన్ని ప్రయాణాల్లో వెతికినా కనిపించలేదు. ఇది చదివిన మీరు దేవుడికి దీపం పెట్టుకునేటప్పుడు, మీవాళ్ళందరి పేర్లూ చెప్పుకున్నాక, ఆయన్ని కూడా ఒక్కసారి తలుచుకోండి. గోదావరి మాట, తెల్లచొక్కా, పరవాడలో ఉద్యోగం. ఈ ఆనవాళ్ళు దేవుడికి చాలు.