మంచె మీద పేషెంటు

మొన్న నాకొచ్చిన మెమో సంగతి మీకు చెప్పలేదు కదా. ఇన్‌స్పెక్షన్ రోజు ఊళ్లో లేనందుకు మెమో. నిజానికి ఆ రోజు ఆ ఊళ్లో అందరికంటే ఎత్తులో కూర్చున్నది నేనే. ముందు టీ పోయించండి, మొదటి నుంచి చెప్తాను.

స్వైన్ ఫ్లూ అని పేపర్లో పడ్డప్పటి నుంచి మా ఆరోగ్య కేంద్రానికి జబ్బుకంటే ముందు కాగితాలు వచ్చాయి. నేను హెల్త్ సూపర్‌వైజర్ని, చండ్రుగొండ దాటాక అడవిలో ఉన్న గూడేలన్నీ నావే. మండలం మొత్తానికి ఇచ్చిన మాస్కులు చిన్న డబ్బాడు. అందులో సగం ఫైళ్ల దుమ్ము దులపడానికి ఆఫీసులోనే అయిపోయాయి. ఫారాలు మాత్రం కట్టలకు కట్టలు! ఊరికొకటి, రోజూ నింపాలి. మొదటి ప్రశ్న ఏంటో తెలుసా? 'ఈ రోజు విదేశాల నుంచి వచ్చిన ప్రయాణికులు ఎందరు?' వానాకాలంలో బస్సే రాని గూడేనికి విమానం దిగి ఎవరొస్తారండీ. అయినా రోజూ 'లేరు' అని రాసి సంతకం పెట్టేవాణ్ని. అలా రాసీ రాసీ చెయ్యి అలవాటు పడిపోయింది.

ఆ అలవాటే నన్ను ముంచింది. వాగు అవతల ఒక కోయ గూడెం ఉంది. వాగు పారుతోందని ఆ నెలంతా నేను అటు పోలేదు. ఇంతలో కొత్త ఫారం వచ్చింది. అవగాహన సదస్సు పెట్టారా, దగ్గేవాళ్లను వేరుగా ఉంచారా, రాకపోకలు ఆపారా, చేతులు కడుగుతున్నారా అని నాలుగు ప్రశ్నలు. నాలుగింటికీ 'అవును' అని కుర్చీలోంచి లేవకుండా రాసేశాను. పని సుఖంగా అయిపోయిందని ఆ రోజు రెండు టీలు తాగాను కూడా.

వారం తిరక్కుండా జిల్లా నుంచి పెద్ద సారు ఫోను. మండలం మొత్తంలో అన్నిటికీ 'అవును' ఉన్న ఊరు అదొక్కటేనట. రేపు పొద్దున భద్రాచలం పోతూ చూసి పోతాను, నువ్వు అక్కడే ఉండు అన్నాడు. పోయిన నెలే పక్క మండలంలో ఒకాయన్ని తప్పుడు రిపోర్టు రాశాడని సస్పెండ్ చేశారు. నాకేమో ఇంకా ఏడేళ్ల సర్వీసు ఉంది, పాల్వంచలో కిరాయి ఇల్లు, ఇంటర్ చదివే బిడ్డ.

అప్పటికప్పుడు మిగిలిన మాస్కులు, రెండు సబ్బులు, నాలుగు పోస్టర్లు సంచిలో వేసుకుని బండి తీశాను. మూడు రోజులుగా వానలో తడిసి నాకే పడిశం, ముక్కు ఆగడం లేదు. నువ్వే తుమ్ముతున్నవు, వాళ్లకేం చెప్తవు అని మా ఆవిడ అంది. ఆడవాళ్లకు ఆఫీసు సంగతులు ఏం తెలుస్తాయి అనుకుని విననట్టే వెళ్లిపోయాను.

వాగు ఆ రోజుకు తగ్గింది. గూడెం మొదట్లో దారికి అడ్డంగా వేపమండలు కట్టిన తాడు కనబడింది. ఏదో పండగ కాబోలు అనుకుని తాడు పైకెత్తి, బండి లోపలికి తోసి, లోపల నిలబడి గట్టిగా మూడు తుమ్ములు తుమ్మాను. తల ఎత్తేసరికి ఊరి పెద్ద ఎదురుగా ఉన్నాడు. సన్నగా, నెరిసిన జుట్టుతో, చేతికర్ర పట్టుకున్న తాత.

"ఏంది సారూ, ఊరు కట్టినం. కానొస్తలేదా?"

ఊళ్లో ఇద్దరు పిల్లలకు జ్వరమట. అందుకని మూడు రోజులు ఊరు కట్టారట. బయటివాళ్లు లోపలికి రాకూడదు, లోపలివాళ్లు బయటికి పోకూడదు. దగ్గేవాళ్లు ఒక పక్కన ఉండాలి, అన్నం దూరం నుంచే అందించాలి, ఎవరి చేతులు వాళ్లు బూడిదతో, వేడినీళ్లతో కడగాలి. తాత ఒక్కొక్కటే చెప్తుంటే నేను పోస్టర్లు పట్టుకుని నోరు తెరుచుకుని విన్నాను. నేను బట్టీ పట్టుకుని పోయిందంతా ఆయనే చెప్పేశాడు. ఇక నేను చెప్పడానికి మిగిలింది విదేశీ ప్రయాణికుల సంగతి ఒక్కటే.

సరే తాతా, నేను వాగు అవతల ఉంటాలే అని బండి తిప్పబోయాను. తాత కర్ర అడ్డం పెట్టాడు. తాడు దాటి వచ్చినవాడు మళ్లీ బయటికి పోతే కట్టు తెగినట్టేనట, మొదటి నుంచీ చెయ్యాలట. పోనీ ఊళ్లోకి రానా అంటే, తుమ్మేవాణ్ని మనుషుల్లో కలపరట. ఇటు లేదు, అటు లేదు. తాడుకు ఇవతల జొన్నచేనులో పిట్టలు కొట్టే మంచె ఒకటి ఉంది. మూడు రోజులు అదే నా మకాం అన్నాడు. బండి తాళం తీసి తన మొలతాడుకు కట్టుకున్నాడు.

ఇక దాచి లాభం లేదని ఉన్నదున్నట్టు చెప్పుకున్నాను. రేపు మా పెద్ద సారు వస్తాడు, నేను పోయిన వారమే వచ్చి ఇవన్నీ నేర్పానని ఒక్క మాట చెప్పు తాతా, లేకపోతే నా నౌకరి పోతుంది అని బతిమిలాడాను. తాత తల అడ్డంగా ఊపాడు.

"రానోణ్ని వచ్చిండని ఎట్ల చెప్తం సారూ? ఊరు కట్టినంక అబద్ధం ఆడొద్దు."

మూడు రోజులు ఆగితే ఆడతావా అని అడుగుదామనుకున్నాను, కర్ర చూసి ఊరుకున్నాను.

అన్నం వేళకు తాత కోడలు పొడుగాటి వెదురు కర్ర కొసకు చిన్న బుట్ట తగిలించి, అందులో ఆకు దొన్నెతో జొన్న గటక, పప్పు పైకి పంపింది. నీళ్లు సొరకాయ బుర్రలో వచ్చాయి. నేను చెయ్యి తడిపి తినబోతే కింద నుంచే ఆపి, గోళ్ల సందులు కూడా రుద్దుకోమంది. మళ్లీ కడిగాను. చాలదంది. మూడోసారి కడిగాక పాసయ్యాను. ఇరవై ఏళ్ల సర్వీసులో నేను ఎందరికో చేతులు కడగడం నేర్పాను, నా చేతులు ఎవరూ చూడలేదు.

మర్నాడు పది గంటలకు జీపు వచ్చింది. నేను గబగబా మాస్కు పెట్టుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని మంచె మీద ముడుచుకున్నాను. పెద్ద సారు తాడు ఎత్తబోతే తాత ఆపాడు. సారు ముఖం వెలిగిపోయింది! రాకపోకలు బంద్, టిక్కు. బూడిద, వేడినీళ్లు, టిక్కు. సరిగ్గా అప్పుడే నాకు అన్నం బుట్ట పైకి వస్తోంది. దాన్ని చూసి సారు చప్పట్లు కొట్టినంత పని చేశాడు. ఇలాంటి ఏర్పాటు జిల్లా దవాఖానాలో కూడా లేదని పక్కనున్న డాక్టరుతో అన్నాడు.

తర్వాత నేను భయపడ్డ ప్రశ్న రానే వచ్చింది.

"ఇవన్నీ మా సూపర్‌వైజర్ పోయిన వారం వచ్చి చెప్పాడా?"

తాత ఒక్కసారి పైకి చూశాడు. నేను మంచె మీద నుంచి రెండు చేతులూ జోడించాను.

"రాలే సారూ. మా ఊరికి ఎవరు రారు. ఇవి మా తాతల నాటి నుంచి ఉన్నయి."

కోపంగా కాదు, ఉన్న మాట చెప్పినట్టు చెప్పాడు. నాకు నిజంగా సిగ్గేసింది. సారు పైకి చూపించి ఆ మనిషి ఎవరని అడిగాడు.

"జలుబుతోని వచ్చిండు. మూడు దినాలు ఆడనే ఉండాలన్నం. పాపం, చెప్పినట్టు ఇన్నడు."

నేనే సార్ అని అరుద్దామని నోటి దాకా వచ్చింది. కానీ ఏమని చెప్పాలి? రాయడమేమో పోయిన వారమే వచ్చానని రాశాను, వచ్చిందేమో నిన్న, అదీ జలుబు మోసుకుని, తాడు దాటి, జ్వరం పిల్లలున్న ఊళ్లోకి. మాస్కు ఇంకాస్త పైకి లాక్కున్నాను. పెద్ద సారు నా వైపు చూసి మెచ్చుకోలుగా తలూపి జీపెక్కాడు.

మూడో రోజు సాయంత్రం తాడు విప్పారు. పిల్లల జ్వరం తగ్గింది, నా పడిశమూ తగ్గింది. తాత తాళం ఇచ్చి, మళ్లీ జలుబు లేనప్పుడు రమ్మన్నాడు.

ఆఫీసుకు పోయేసరికి టేబుల్ మీద రెండు కాగితాలు ఉన్నాయి. ఒకటి మెమో. ఊరికి పోకుండా పోయినట్టు రాశావు, తనిఖీ రోజు కూడా ఊళ్లో లేవు, సంజాయిషీ ఇవ్వు అని. దీనికి ఏం రాయాలో నాకింకా తోచలేదు. రెండోది ఆర్డరు. గూడెంలో మంచె మీద ఉన్న గుర్తుతెలియని పేషెంటును వెంటనే కనిపెట్టి, పది రోజుల పాటు అతని ఆరోగ్యం గురించి రోజూ స్వయంగా రిపోర్టు పంపాలి, ఆ మనిషి క్రమశిక్షణ చూసి నువ్వు నేర్చుకోవాలి అని.

నాలుగు రోజులుగా పంపుతున్నాను. దగ్గు లేదు, ఆకలి బాగుంది, రాత్రి నిద్ర మాత్రం పట్టడం లేదు. పాత పద్ధతే, కుర్చీలోంచి లేవకుండానే రాస్తున్నాను. కాకపోతే నా సర్వీసులో మొదటిసారి, రాసిన ప్రతి ముక్కా నిజమే.