మండపేటలో పేలిన జాడీ

తొంభైల మధ్యలో నేను మండపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. ఆ ఊళ్లోనే ఒక పెద్దాయన ఉండేవారు. ఎక్కడో పెద్ద లేబొరేటరీలో సైంటిస్టుగా చేసి, రిటైరు కాకముందే ఉద్యోగం వదిలేసి వచ్చారు. భారజలంలోకి, అంటే హెవీ వాటర్‌లోకి, కరెంటు పంపితే, పంపినదానికంటే ఎక్కువ వేడి పుడుతుందని ఆయన గట్టి నమ్మకం. దేశదేశాల శాస్త్రవేత్తలు ఆ మాట కొట్టిపారేశారు. అలా కొట్టిపారేసిన ప్రయోగాల కోసమే ఆయన మూడు నెలలకో చిన్న పత్రిక అచ్చువేసేవారు. మూతబడ్డ రైసుమిల్లు గోడౌనే ఆయన ప్రయోగశాల.

ఊరంతా మేష్టారని పిలిచే ఆయన, ఆదివారాలు వచ్చి రీడింగులు రాసిపెట్టమని నన్ను అడిగారు. గౌరవం కొద్దీ ఒప్పుకున్నాను గాని, మొదటి రోజు నుంచీ నాకక్కడ భయమే. గాజు జాడీలో బుడగలు చుయ్‌మంటూ లేస్తుంటే తలుపు వైపు చూసేదాన్ని. ఆ బుడగల్లో ఉన్నది హైడ్రోజన్, ఆక్సిజన్. రెండూ ఒకచోట పోగయితే చిన్న నిప్పురవ్వ చాలు. అవి బయటికి పోవడానికి జాడీ మూతనుంచి కిటికీ గుండా ఒక రబ్బరు గొట్టం వేసి ఉండేది.

ఒక ఆదివారం ఆ గొట్టం కిటికీ రెక్క కింద నలిగి ఉండటం చూశాను. చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. జీవితమంతా ప్రయోగాలు చేసిన మనిషికి నేను చెప్పేదేంటి, ఆయన చూసే ఉంటారులే అనుకున్నాను. అలా అనుకుంటూనే నోట్‌బుక్ పట్టుకుని రెండడుగులు వెనక్కి జరిగాను.

పది నిమిషాలకు జాడీ పేలింది.

చెవులు గింగురుమన్నాయి. మేష్టారి చెంప మీంచి రక్తం కారుతోంది. పక్కనే ఉన్న ఇంట్లోంచి ఆయన భార్య పరుగెత్తుకొచ్చారు.

“కళ్లు తెరవండి! నేను కనిపిస్తున్నానా?” అని ఆవిడ అరుస్తున్నారు.

ఆయన కళ్లు తెరిచి నావైపు చూశారు. “చూశారాండీ! ఇంత శక్తి ఎక్కణ్ణుంచి వచ్చిందంటారు?” అన్నారు సంబరంగా.

వారం తిరక్కుండా పత్రిక ప్రూఫులు పంపారు. పేలుడుకు ఆ అదనపు వేడే కారణమంటూ వ్యాసం, కింద ప్రత్యక్ష సాక్షిగా నా పేరు. సరేనంటే అబద్ధానికి సాక్ష్యం. కాదంటే గొట్టం సంగతి చెప్పాలి, చూసి ఊరుకున్నానని ఒప్పుకోవాలి. ఆ రెండోదానికే నేనెక్కువ భయపడ్డాను.

మూడోరోజు సాయంత్రం వెళ్లాను. ఆయన చెంపకు కుట్లున్నాయి.

“మేష్టారూ, గొట్టం నలిగిపోయిందండి. గ్యాసు లోపలే నిండిపోయి, తీగ దగ్గర చిన్న రవ్వకే అంటుకుంది. అంతేనండి.”

“మీకెలా తెలుసు?”

“ముందే చూశానండి.”

కాఫీ తెస్తున్న ఆయన భార్య గుమ్మంలోనే ఆగిపోయారు. “చూసి నోరు మూసుకున్నావా అమ్మాయ్? ఆయన కళ్లు పోయుంటే?”

తెచ్చిన ప్రూఫులు బల్లమీద పెట్టాను.

మేష్టారు వాటిని పక్కకు నెట్టి, “నేనూ చూసుకోవాల్సిందండి,” అని తెల్లకాగితం నా ముందుకు జరిపారు. “ఇప్పుడు చెప్పిందంతా రాసివ్వండి. వేస్తాను.”

“మరి మీ వ్యాసమండి?”

“అదీ ఉంటుంది. మీది ముందుంటుంది.”

అలాగే వేశారు. ఆయన్ని మెచ్చుకునేవాళ్లే కొందరు, నా మాట వేసినందుకు, ఇక పత్రిక పంపొద్దని ఉత్తరాలు రాశారు. ఆయన ప్రయోగాలు మానలేదు. నేనూ వెళ్లడం మానలేదు. ఏది తేడాగా కనిపించినా, భయమేసినా సరే, పైకే చెప్పేసేదాన్ని. ఆయన భార్య ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు. నేను రాగానే గోడౌను గుమ్మంలో కుర్చీ వేసుకుని, మా పని ముగిసేదాకా లేచేవారు కాదు.

ఆయన పోయేదాకా, అంటే ఇంకో తొమ్మిదేళ్లు, ఆ అదనపు వేడి నా థర్మామీటరులో ఒక్కసారీ కనిపించలేదు. ప్రతి ఆదివారం అంకెలు చదివి వినిపించాక ఆయన ఒకే మాట అనేవారు.

“ఈ వారం రాలేదండి. ఉన్నదున్నట్టు రాయండి.”