కొత్తదైతేనే చెప్పండి

అబ్రహాం గారు ఎక్కడికీ వెళ్లరు. ఏదైనా సరే, ఆయన దగ్గరికే రావాలి. అదీ కొత్తదైతేనే రావాలి. పాతదైతే గుమ్మంలోంచే వెనక్కి పోవాలి.

టెలిఫోన్ శాఖలో లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. ఏలూరులో ఆయన ఎక్కని స్తంభం లేదు, తొక్కని గడప లేదు. "ఇన్నాళ్లూ ఊరందరి దగ్గరికీ నేను వెళ్లానండి. ఇక ఊరే రావాలి" అని వీధరుగు మీద కుర్చీ వేసుకున్నారు. రెండువేల ఎనిమిదిలో ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. దాని వెనకే ఫీడ్ రీడర్ అనే సంగతి ఆయన కంటపడింది. ఇష్టమైన వెబ్‌సైట్లు ఒకసారి అందులో చేర్చేస్తే చాలు, ఎక్కడ కొత్తది పడినా అదే తెచ్చి ముందు పెడుతుంది. చదవనివి లావు అక్షరాల్లో, చదివేసినవి సన్న అక్షరాల్లో. వడ్డించిన విస్తరంటే ఇదీ అని మురిసిపోయి, జర్మనీ రైళ్లు, జపాను పొట్టిమొక్కలు, కీళ్లనొప్పులు, ఎవరో మహాతల్లి పెట్టే ఊరగాయలు, అన్నీ చేర్చేశారు.

అక్కడితో ఆగితే ఆయన అబ్రహాం గారెందుకవుతారు? ప్రపంచాన్నంతా అదే పద్ధతిలో పెట్టబోయారు. చేపలమ్మే సుబ్బాయమ్మని పిలిచి, రోజూ కేకెయ్యొద్దు, కొత్తవుంటేనే కేకెయ్యమన్నారు. "పాత చేపలు నేనెప్పుడమ్మానయ్యా?" అని ఆవిడ నడివీధిలో గంప దించింది. ఆ పూట అక్కర్లేని కొరమేను కొంటే గానీ గంప మళ్లీ నెత్తికెక్కలేదు. గ్యాస్ అయిపోయిందని భార్య రత్నకుమారి చెబితే, "అది నిన్ననే చెప్పావుగా, చదివేశాను" అన్నారు. "అన్నం కూడా నిన్ననే తిన్నారుగా" అని ఆవిడ పక్కింటికి వెళ్లి కూర్చుంది. ఇంటికొచ్చి ప్రార్థన చేసిన పాస్టరు గారిని గేటు దాకా సాగనంపి, పోయిన నెలదే మళ్లీ వేశారండి అని మర్యాదగా మనవి చేశారు. తాడేపల్లిగూడెంలో మేనల్లుడి పెళ్లికి పిలిస్తే, ముందు సారాంశం పంపించండి, బాగుంటే మొత్తం చూస్తానని కబురు పెట్టారు. ఆ మేనల్లుడు ఇప్పటికీ మాట్లాడడు.

ఇంత చేసినా, రీడర్లో పడిన కొత్త కబుర్ల కోసం జనం ఆయన చుట్టూనే మూగేవారు. అది చూసే తాతాజీకి ఒళ్లు మండేది.

తాతాజీది డీటీపీ సెంటరు. శుభలేఖలు కొట్టి బతుకుతాడు, కరపత్రాలు రాసి ఊపిరి పీల్చుకుంటాడు. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేశాక లంక ఊళ్లలో జనం ఏమయ్యారో కాళ్లరిగేలా తిరిగి రాసినవాడు. చుట్టూ నీళ్లే, తాగడానికి బిందెడు లేవు. ఆడవాళ్లు పడవేసుకుని మంచినీళ్లకి పోవాలి. చెరువులున్నప్పుడు లాభం పెద్దలది, గట్లు తెగినప్పుడు నష్టం కూలీలది, దాహం ఎప్పుడూ ఆడవాళ్లది అని రాశాడు. పత్రికలు వేసుకోలేదు. అధికారులు చదవలేదు. అందుకని తనే ఒక బ్లాగు పెట్టాడు.

ఒకప్పుడు వీరదుర్గ టీకొట్టు దగ్గర బల్ల తాతాజీ సింహాసనం. లోకం సంగతులు అతను చెబితేనే జనానికి తెల్లారేది. ఇప్పుడు జనం అబ్రహాం గారి అరుగు మీదికి చేరారు. వాళ్ల వెనకే వీరదుర్గ ఫ్లాస్కు కూడా చేరింది. చివరికి ఒంటరి బల్ల మీద కూర్చోలేక తాతాజీ కూడా చేరాడు. చేరినందుకు తనని తాను రోజూ తిట్టుకునేవాడు.

బ్లాగు పెట్టి నెలలు గడిచినా చదివామని ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు. ఒకరోజు ఉండబట్టలేక, తన బ్లాగు రీడర్లో చేర్చారా అని అబ్రహాం గారిని అడిగాడు.

"చేర్చానండి. కాకపోతే అక్షరాలు కనబడట్లేదు."

మీ ఫాంటు మీ కంప్యూటర్లోనే ఉంటుందండి, బయటివాళ్లకి పిచ్చిగీతలు కనబడతాయి, యూనికోడ్‌లో కొట్టాలి అని ఆయన నెమ్మదిగా వివరించారు. ఆ ఫాంటుతోనే ఇల్లు గడిచినవాడికి, అది కంసాలితో నీది ఇత్తడి అన్నట్టు వినబడింది.

"ఈ ఫాంటుతో ఏలూరులో సగం పెళ్లిళ్లు చేయించానండి. నా అక్షరాలు కనబడకపోతే మీ కళ్లు చూపించుకోండి. ఏం చేసుకుంటారో చేసుకోండి" అని తాతాజీ చెప్పులేసుకున్నాడు.

కొన్నాళ్లకి అసలు మంట మొదలైంది. "కొల్లేరు మీద ఒక బ్లాగు వస్తోందండి. ఏం రాస్తున్నాడు, చదువుతుంటే గొంతెండిపోతోంది" అన్నారు అబ్రహాం గారు అరుగు మీద. తాతాజీ తాగుతున్న టీ అక్కడే పెట్టేసి లేచాడు. తన కొల్లేట్లో ఎవడో వల వేశాడు. వాడు ఏ హైదరాబాదులోనో ఏసీ గదిలో కూర్చుని ఉంటాడు, వాడి కాలికి లంక బురద అంటి ఉండదు, పడవెక్కితే వాంతి చేసుకుంటాడు. వాడి మొహం చూడనని, వాడి బ్లాగు తెరవనని ఒట్టు పెట్టుకున్నాడు. మర్నాడూ అదే పొగడ్త, అదే లేవడం. తను వీధి మలుపు తిరిగేసరికి వెనక అబ్రహాం గారు దాన్ని పైకి చదవడం, జనం అయ్యో అయ్యో అనడం వినబడేది. ఆ అయ్యోలన్నీ తనకి రావలసినవి.

అంత బాగా రాసేవాడు ఉండగా మనమెందుకులే అని తాతాజీ రాయడం మానేశాడు. లంకకి వచ్చే నీళ్ల టాంకరు ఆగిపోయిందని, ఈ సంగతి రాయండి బాబూ అని అక్కడి ఆడవాళ్లు చెప్పి పంపారు. అది సగంలోనే ఉండిపోయింది.

ఒక మధ్యాహ్నం వీధిలో జనం పనులు మానుకుని చూస్తున్నారు. అబ్రహాం గారు గొడుగేసుకుని నడిచి వస్తున్నారు. వచ్చి డీటీపీ సెంటరు ముందు ఆగారు.

"దారి తప్పారాండి?" అన్నాడు తాతాజీ.

"ఫీడు కదలట్లేదండి. రాకపోతే వెళ్లాలి కదా మరి."

"ఏ ఫీడు?"

"కొల్లేటిది. టాంకరు సంగతి అందులో వస్తుందని లంకవాళ్లు చెబితే ఎదురు చూస్తున్నాం."

"ఆ రాసేవాణ్ని అడగండి."

"అడగడానికే వచ్చానండి."

తాతాజీ నోరు తెరిచేలోగా ఆయన కుర్చీ లాక్కుని కంప్యూటర్లో ఆ బ్లాగు తెరిచారు. లాభం పెద్దలది, నష్టం కూలీలది, దాహం ఆడవాళ్లది. కింద తాతాజీ పేరు, ఊరు. మొదటి ముక్క దగ్గర్నుంచి అన్నీ ఉన్నాయి. ఎక్కణ్నుంచో ఆ ఫాంటు సంపాదించి చదివి, కీబోర్డు రాని చేత్తో, ఒక్క వేలితో, అక్షరం అక్షరం వెతికి ఆయన మళ్లీ యూనికోడ్‌లో కొట్టినవి.

"మీ మాటలు పిచ్చిగీతల్లా వెళ్తుంటే చూడలేకపోయానండి. మీరే అన్నారుగా, ఏం చేసుకుంటారో చేసుకోండని."

"మరి అరుగు మీద నా పేరు చెప్పొచ్చుగా?"

"చెప్పేలోగా మీరు లేచెళ్లిపోయేవారు. పొగడ్త వినలేని మనిషి, ఎంత వినయమో అని మేమంతా అనుకునేవాళ్లం."

తాతాజీ తెర మీది తన పేరు మళ్లీ చదువుకున్నాడు. ఇన్నాళ్లూ తన కడుపు తనని చూసే మండిందన్నమాట. ఏసీ గదిలో కూర్చున్నవాడూ, పడవెక్కి వాంతి చేసుకున్నవాడూ తనే. అబ్రహాం గారు తెర కిందికి జరిపారు. చదివినవాళ్లు రాసిన మాటలు వరసగా ఉన్నాయి. హాస్టల్లో చదువుకునే ఒకమ్మాయి రాసింది: "మాది ఆ లంకేనండి. మా అమ్మ పడవలో నీళ్లకి వెళ్తుందంటే మా గదిలో ఎవరూ నమ్మేవారు కాదు. మీరు రాసింది చూపించాను."

తాతాజీ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. సొరుగులోంచి టాంకరు కాగితాలు బయటికి తీసి, "నేను చదువుతాను, మీరు మీ అక్షరాల్లో కొట్టండి" అన్నాడు. అబ్రహాం గారు వేలు సవరించుకున్నారు.

రెండు వాక్యాలయ్యాక తాతాజీ ఆగాడు.

"ఇంతకీ మీ రీడర్లో నాకంటే ఎక్కువమంది చదివేది ఎవర్నండి?"

"అది చెప్పనండి. మళ్లీ మానేస్తారు."