గంజి పెట్టిన ధైర్యం

ఇప్పుడంటే ధైర్యానికి కూడా గోడల మీద పోస్టర్లు అంటిస్తున్నారు గానీ, నేను ఇంటర్ చదివే రోజుల్లో భయాన్ని భయమనే పిలిచేవాళ్ళం. దానికి 'నెగెటివ్ ఆలోచన' అన్న ముద్దుపేరు ఇంకా మా కొల్లేరు దాకా రాలేదు. ఈ సంగతి ఎందుకు గుర్తొచ్చిందంటే, మొన్న గణపవరం నుంచి ఒక తండ్రిగారు, తాడేపల్లిగూడెంలో నేను నడిపే కరాటే క్లాసుకి వచ్చి, "మేడంగారండీ, మా పాపకి ఈసారి ఎలాగైనా బ్రౌన్ బెల్టు ఇచ్చేయండి. పిల్ల పాజిటివ్‌గా ఉంటుంది" అన్నారు. బెల్టు ఇస్తే పాజిటివ్ అవుతుందా, పాజిటివ్ అయితే బెల్టు ఇవ్వాలా అని నేను తేల్చుకునే లోపలే, "మీరైతే చిన్నప్పట్నుంచీ పులేనండీ, చూస్తేనే తెలిసిపోతోంది" అని ఒక బిస్కెట్ కూడా వేశారు. నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాను. పులట! మా ఊళ్ళో బాతులు కూడా నన్ను చూసి భయపడేవి కావు. నేనే వాటిని చూసి భయపడేదాన్ని.

మాది కొల్లేట్లో ఒక లంక గ్రామం. చుట్టూ చేపల చెరువులు, గట్ల మీద బాతుల మందలు. ఏలూరులో కాలేజీకి వెళ్ళాలంటే చెరువుగట్టు మీద నడిచి, రోడ్డెక్కి, బస్సు పట్టుకోవాలి. ఆ గట్టు మీద బాతులు ఎదురొచ్చాయంటే ఇక ఆ పూట కాలేజీ లేనట్టే, వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేసేదాన్ని. (బాతు కరవదని మీరు చెప్పబోతున్నారు. ఆ సంగతి బాతుకి తెలుసా?) జలగలంటే భయం, నీటిపాములంటే భయం, గూడబాతు నోరు తెరిస్తే ఆ ముక్కు కింది సంచిలో నేను పట్టేస్తానేమోనని భయం, బస్సులో కండక్టరు చిల్లరడిగితే భయం. మా నాన్న చేపల చెరువు చూసుకునేవారు. పొద్దస్తమానం కేకలేసి కొంగల్ని తోలే మనిషికి ఇలాంటి కూతురు పుట్టడం కొంచెం నామోషీగానే ఉండేది. "పిట్టల్ని తోలే ఇంట్లో పుట్టి పిట్టల చేత తోలించుకుంటున్నావేంటే!" అని ఒకరోజు విసుక్కుని, ఆ మర్నాడే తీసుకెళ్ళి ఏలూరులో కరాటే క్లాసులో పడేశారు. ఆ క్లాసంటే భయమేసింది. వెళ్ళనని నాన్నతో చెప్పడానికి అంతకన్నా ఎక్కువ భయమేసింది. అలా మొదలైంది నా వీరగాథ.

క్లాసు మూతపడ్డ ఒక రైసుమిల్లు రేకుల షెడ్డులో నడిచేది. మాస్టారు సన్నగా, నిటారుగా, తాటిదూలంలా ఉండేవారు. బాగా చేస్తే "ఊఁ" అనేవారు, బాగోకపోతే "ఊఁహూఁ" అనేవారు, అంతకుమించి మాట ఖర్చు పెట్టేవారు కాదు. చాటుగా ఆయన్ని ఊఁ మాస్టారు అనుకునేవాళ్ళం. ఊళ్ళో వేరే క్లాసుల్లో పిల్లల నడుములు ఊసరవెల్లుల్లా రంగులు మారుస్తుంటే, మా దగ్గర తెల్ల బెల్టు మాసి మాసి దానంతటదే బ్రౌన్ అవ్వాల్సిందే తప్ప ఆయన ఇచ్చేవారు కాదు. బ్రౌన్ బెల్టుకి ఆయన పెట్టిన షరతు ఒక్కటే. గుద్దు ముఖం మీదకి వస్తున్నప్పుడు కళ్ళు మూసుకోకూడదు. ఎందుకండీ అని ఎవరో అడిగితే, మేం విన్నంతలో ఆయన పలికిన అతి పొడుగైన వాక్యం పలికారు. "మూసుకున్నా తగిలేది తగులుతుంది, తప్పుకునే దారే కనపడదు."

నాకు మిగతావన్నీ వచ్చాయి. ఆ ఒక్కటే రాలేదు. ఎదుటివాళ్ళ భుజం కదిలిందంటే చాలు, నా కళ్ళు రెండూ సాయంత్రం దుకాణం షట్టర్లలా దిగిపోయేవి. బ్రౌన్ బెల్టు పరీక్ష అప్పటికే తప్పి ఉన్నాను. ఇంకోసారి పరీక్ష వచ్చేసరికి నాన్న తేల్చి చెప్పేశారు. "ఈసారి బెల్టు రాకపోతే కరాటే మానేసెయ్. మీ పిన్ని దగ్గర కుట్టు మిషను ఖాళీగా ఉంది, అది నేర్చుకో." (నాకు సూదన్నా భయమేనని ఆయనకి తెలియదు.) నిజం చెప్పాలంటే అప్పటికి నాకు ఆ షెడ్డంటే ప్రాణమైపోయింది. ఊళ్ళో అందరిలోకీ పిరికిదాన్ని నేనొక్కదాన్నే. షెడ్డులో అందరం భయపడేవాళ్ళమే, అందరం ఒకేసారి గొంతు చించుకుని అరిచేవాళ్ళమే. నా భయానికి జట్టు దొరికిన చోటు అదొక్కటే. అది పోతుందంటే ఏడుపొచ్చేది.

పరీక్ష ఆదివారం పెట్టారు. మాది చర్చికి వెళ్ళే కుటుంబం. ఆదివారం ఆరాధన మానేసి తన్నులాటకి వెళ్ళడమంటే మా అమ్మకి మనసొప్పలేదు. చాలాసేపు ఆలోచించి, "సరే, వెళ్దువుగాని. ఆదివారం పూట తెల్లబట్టలు మాత్రం తెల్లబట్టల్లా ఉండాలి" అంది. ఆ మాటలో ఎంత ప్రమాదం ఉందో నాకు తెలియలేదు. మా ఊళ్ళో ఆదివారం చర్చిలో మా అమ్మ తెల్లచీరకి పెట్టింది పేరు. ఆవిడ వచ్చి కూర్చుంటే ఫెళఫెళమని చప్పుడయ్యి ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి చూసేవాళ్ళు. కొల్లేటి గాలి తేమకి బట్టల్లో బిగువు నిలవదని, అందరూ పెట్టే గంజికి రెట్టింపు చిక్కగా పెట్టేది. శనివారం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి నా కరాటే యూనిఫాం అన్నం వార్చిన గంజిలో మునిగి, నీలిమందులో తేలి, ఎండలో ఆరి, బొగ్గుల ఇస్త్రీపెట్టె కింద నలిగి, గోడకి ఆనించి నిలబెట్టి ఉంది. నిలబెట్టి అని ఊరికే అనడం లేదు, నిజంగానే ఎవరూ లోపల లేకుండా నిలబడింది. "మడత పెడితే పోతుంది, ఇంటి దగ్గరే తొడుక్కుని వెళ్ళు" అంది అమ్మ. తర్వాత నా తల మీద చెయ్యిపెట్టి, "ప్రభువా, ఈ పిల్ల ఎవర్నీ కొట్టకుండా, ఎవరి చేతా కొట్టించుకోకుండా కాపాడు" అని ప్రార్థన చేసింది. అలాగైతే బెల్టు ఎలా వస్తుందో ప్రభువుకి కూడా అర్థమై ఉండదు.

ఆ బట్టల్లో మోచెయ్యి వంగదు, మోకాలు వంగదు. బాతులు ఎదురొచ్చాయి గానీ నా నడకకి అయ్యే చప్పుడు విని అవే గట్టు దిగి చెరువులోకి దూకేశాయి. నా జీవితంలో అదే మొదటి విజయం, అది కూడా మా అమ్మదే. బస్సులో సీటున్నా కూర్చోలేక నిలబడే వెళ్ళాను. కండక్టరు నన్ను ఎగాదిగా చూసి, "కట్టు కట్టారా అమ్మా, ఎక్కడ పడ్డారు?" అని జాలిగా అడిగాడు. ఇంకా పడలేదండి, పడటానికే వెళ్తున్నానండి అని చెప్దామనుకున్నాను. వంగని చేత్తో చిల్లర ముందుకి చాపాను.

ముందు కటా, అంటే ఎదురుగా మనిషి లేకుండా వరసగా చేసే దెబ్బలు. పరీక్ష చేయడానికి బెజవాడ నుంచి ఒక పెద్దాయన వచ్చారు, ముఖంలో సగం మీసాలే. నేను మొదటి గుద్దు విసిరాను. ఠప్! రేకుల షెడ్డు మారుమోగింది. ఎవరో టపాకాయ కాల్చారేమోనని ఉలిక్కిపడి చూశాను. చప్పుడు నా చొక్కాచేతిలోంచే వచ్చింది. ఇంకో గుద్దు, ఠప్. కాలెత్తితే, ఠఫీమని. దెబ్బకి బలం ఉంటేనే బట్ట మోగుతుందని కరాటేలో ఒక నమ్మకం. మీసాలాయన కుర్చీలో ముందుకి జరిగారు. "ఈ బక్కపిల్లలో ఇంత పవరెక్కడిదండీ!" అన్నారు. ఊఁ మాస్టారు ఊఁ అనలేదు, ఊఁహూఁ అనలేదు. తల కొంచెం పక్కకి వంచి వింటున్నారు. ఆ వినడం చూస్తే నాకు ఇంకా భయమేసింది.

ఆ తర్వాత అసలు గండం, ఎదుటి మనిషితో పోటీ. నాకు పడింది తాడేపల్లిగూడెం నుంచి వచ్చే అమ్మాయి. మేం పెట్టిన పేరు రోడ్డు రోలరు, ఇంతకన్నా వర్ణన అక్కర్లేదు. (పాపం చాలా మంచి పిల్ల. కొట్టే ముందు "సారీ అండీ" అనేది.) అప్పటికి ఎండ నెత్తి మీదకొచ్చి రేకులు కాలిపోతున్నాయి. ఒళ్ళంతా చెమట. ఆ చెమటకి ముందురోజు పెట్టిన గంజి మళ్ళీ ప్రాణం పోసుకుని పులిసిన వాసన మొదలెట్టింది. చొక్కా జారుడుగా, జిగురుగా ఒంటికి అంటుకుపోయింది. కళ్ళలోకి చెమట దిగుతుంటే చేత్తో తుడుచుకుందామని చొక్కాచేతితో ముఖం బరబరా రుద్దుకున్నాను. షెడ్డు మూల పెద్ద ఫ్యాను ముఖం మీదకి కొడుతుంటే ఆ జిగురు ఆరిపోతోంది. రోడ్డు రోలరు "సారీ అండీ" అంది, భుజం కదిలింది, నా షట్టర్లు దిగాయి. దిగిన షట్టర్లు మళ్ళీ లేవలేదు! రెప్పలు రెండూ గంజికి అతుక్కుపోయాయి. గుద్దు పొట్టకి తగిలింది. వేళ్ళతో లాగి కళ్ళు విడదీసుకున్నాను. మళ్ళీ మూశానా, ఇక తెరుచుకోవు. గుడ్డిదాన్నై ఈ పిల్ల ముందు నిలబడాలి. గుద్దు తింటానన్న భయం కన్నా ఆ భయం పెద్దదైపోయింది. అంతే, చెరువులో చేపల్లాగా రెప్పన్నది వేయకుండా కళ్ళు చించుకుని చూశాను. వచ్చే ప్రతి దెబ్బా కనపడింది. కనపడితే ఆశ్చర్యంగా, అవి అంత తొందరగా రావడం లేదు. రెండింటిని తప్పుకున్నాను కూడా. "ఏంటండీ, మీ దగ్గర గంజి వాసనొస్తోంది?" అని రోడ్డు రోలరు గుసగుసగా అడిగి ఆగేసరికి, భయంలో ఏం చేస్తున్నానో తెలియక ఒక్కటి విసిరాను. తగిలింది.

మీసాలాయన లేచి నిలబడ్డారు. "శభాష్! రెప్ప వేయలేదు చూశారా! ఇచ్చేయండి మాస్టారూ, ఇలాంటి పిల్లకి కాకపోతే ఎవరికిస్తారు!" నాకు బెల్టు కనపడిపోయింది, పిన్ని కుట్టు మిషను దూరంగా వెళ్ళిపోతూ కనపడింది. ఊఁ మాస్టారు మెల్లగా నా దగ్గరకొచ్చి, నా చొక్కాచేతిని రెండు వేళ్ళతో పట్టుకుని నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"అమ్మాయ్, ఆ చప్పుడు నీదేనా?"

"కాదండి. మా అమ్మదండి."

"మరి రెప్ప వేయకపోవడం?"

"అది గంజిదండి."

షెడ్డంతా గొల్లుమంది. అంత నిజాయితీ ఎక్కడిదని మీరు మెచ్చుకోనక్కర్లేదు. అబద్ధమాడటానికి ధైర్యం కావాలి, అది నా దగ్గర లేదు. మాస్టారు మాత్రం నవ్వలేదు. "ముఖం కడుక్కురా. ఇంకో చొక్కా తొడుక్కురా" అన్నారు. రోడ్డు రోలరు తన రెండో చొక్కా ఇచ్చింది, అందులో నాలాంటివాళ్ళు ఇద్దరు పడతారు. చప్పుడు లేదు, జిగురు లేదు. నేనూ నా భయమూ మిగిలాం. మాస్టారే ఎదురుగా నిలబడి నా ముక్కు మీదకి గుద్దు విసిరి వెంట్రుకవాసిలో ఆపారు. కళ్ళు మూశాను. మళ్ళీ విసిరారు. మళ్ళీ మూశాను. "భయమేస్తోందా?" అన్నారు. "చాలా అండి." "వేయనీ. అది దాని పని. నువ్వు చూడు, అది నీ పని." మళ్ళీ విసిరారు. ఈసారి ఆ పిడికిలి మీద పాత మచ్చ కనపడింది, గోరులో మట్టి కనపడింది. ఎడమ కన్ను మూసుకుంది గానీ, కుడి కన్ను తెరిచే ఉంది. ఆయన చెయ్యి దించి, "ఊఁ" అన్నారు. వెంటనే, "సగం వచ్చింది. మిగతా సగం వచ్చే పరీక్షకి" అన్నారు. మీసాలాయన ఎంత చెప్పినా వినలేదు.

ఇంటికి వెళ్తుంటే బస్సు ఎప్పటికీ చేరకుండా ఉంటే బాగుండుననిపించింది. వాకిట్లోనే నాన్న. "బెల్టేదే?" "సగం వచ్చింది నాన్నా." "సగం బెల్టేంటే, లంగా బొందా?" అని నాన్న కుట్టు మిషను మాట ఎత్తబోయేసరికి, వంటింట్లోంచి అమ్మ వచ్చింది. ఎప్పుడూ నాన్న మాటకి ఎదురు చెప్పని మనిషి. "ఏవండీ, సగం కుట్టిన జాకెట్టు ఎవరైనా మధ్యలో వదిలేస్తారా? ఆ మిగతా సగం కూడా కానివ్వండి" అంది. నాన్న చెరువు వైపు వెళ్ళిపోయారు. నేను అమ్మని కావిలించుకుని ఏడ్చేశాను. ఆవిడ నా యూనిఫాం పట్టుకుని దిగులుగా అటూ ఇటూ తిప్పి చూసింది. "అయ్యో, మెత్తబడిపోయిందే! గంజి చాల్లేదు. అందుకే పోయింది బెల్టు. వచ్చేసారి ఇంకాస్త చిక్కగా పెడతాలే" అంది. అసలు సంగతి ఆవిడకి ఇప్పటిదాకా చెప్పలేదు. వచ్చేసారి ఇంకాస్త చిక్కగా పెట్టింది కూడా. మాస్టారు నన్ను చూడగానే చొక్కా మార్చుకు రమ్మన్నారు.

గణపవరం పాప పరీక్ష నిన్న అయింది. కటా చక్కగా చేసింది. ఎదుటివాళ్ళ భుజం కదలగానే కళ్ళు రెండూ మూసేసింది. తండ్రిగారు గోడవారగా నిలబడి నాకు కళ్ళతోనే దణ్ణాలు పెడుతున్నారు. ఇచ్చేస్తే పోయేదేముందని ఒక్క క్షణం నాకూ అనిపించింది. ఆయన మనసు కష్టపెట్టడానికి భయమేసింది కూడా, ఎంతైనా పాత అలవాటు. తీరా నోరు తెరిస్తే, నాకు తెలియకుండానే "ఊఁహూఁ" అని వచ్చింది. నాకే నవ్వొచ్చింది. నా వెనక నా విద్యార్థులు నాకేం పేరు పెట్టుకున్నారో నాకు తెలియదనుకుంటున్నారు. పాప కళ్ళనిండా నీళ్ళతో నా దగ్గరకొచ్చి, "నాకు భయమేస్తోందండి మేడం. అది ఎప్పటికి పోతుందండి?" అని అడిగింది. దాని చొక్కా చెయ్యి పట్టుకుని చూశాను. మెత్తగా, మెషీన్లో ఉతికిన వాసన.

"మీ ఇంట్లో అన్నం వారుస్తారా, కుక్కరా?" అన్నాను.

"కుక్కరేనండి."

"అయితే నీకు కొంచెం ఆలస్యమవుతుందే" అని, పిడికిలి బిగించి దాని ముక్కు ముందు పెట్టాను. "ఏం కనపడుతోందో చెప్పు."